అద్భుతరసం - జానపద చలనచిత్రం : పుత్రకుని పాదుకల నుండి పాతాళభైరవి వరకు

భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో అద్భుతరసానికి విస్మయాన్ని స్థాయిభావంగా నిర్దేశించి, దాని విభావాలను పేర్కొనే సందర్భంలో దివ్యజనదర్శనంతో పాటు విమానాన్ని, మాయను, ఇంద్రజాలాన్ని, కోరిన కోరిక ఈడేరడాన్ని కూడా చేర్చినాడు. అద్భుతం దివ్యజమనీ, ఆనందజమనీ రెండు విధాలని విభజించినవాడూ ఆయనే. రూపకానికి నిర్వహణసంధిలో అద్భుతం ఉండి తీరాలని విధించడాన్ని బట్టి ఈ రసానికి ఆయన ఎంతటి స్థానం ఇచ్చినాడో ఊహించవచ్చు. అయితే తరువాతి ఆలంకారికులలో అధికసంఖ్యాకులు శృంగార వీర కరుణాలను విస్తరించినంతగా అద్భుతాన్ని విస్తరించలేదు. తెలుగు సాహిత్య విమర్శ కూడా చాలావరకు ఆ దారినే నడిచింది. ఈ ఉపేక్షకు ఎక్కువగా గురియైన ప్రక్రియ జానపద చలనచిత్రం. పౌరాణిక చిత్రానికి ఇతిహాసపురాణాల గౌరవం కొంత దక్కింది. సాంఘిక చిత్రానికి సంస్కరణోద్యమాల గౌరవం దక్కింది. మాంత్రికుడు, ఎగిరే గుర్రం, ఏడు సముద్రాల ఆవలి చిలుక కల చిత్రానికి మాత్రం పండితలోకంలో ‘కాలక్షేపం’ అన్న ఒక్క మాటే మిగిలింది.

ఆ కాలక్షేపం ఇంతకాలం నిలవడం ఎందువల్ల అన్నది విచారించదగిన అంశం. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన పాతాళభైరవి 1951 మార్చి 15న విడుదలయింది. 1952లో మన దేశంలో తొలిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో అది ప్రదర్శితమయింది. ఏడు దశాబ్దాలు గడచినా, డేరాలు పోయి, టాకీసులు మూతపడి, చేతిఫోను తెర మీదికి చలనచిత్రం వచ్చిన తరువాత కూడా దానిని చూసేవారు ఉన్నారు. ఇదే స్థితి పాశ్చాత్యదేశాలలో యవన పురాణగాథల ఆధారంగా వెలువడిన పాత సాహసచిత్రాలకూ కనిపిస్తుంది. రే హారీహౌసెన్ మాయాచిత్రణంతో 1963లో వచ్చిన ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ విడుదలైన నాడు ఆశించిన ధనాన్ని ఆర్జించలేదు. కాని తరువాతి తరాలు దానిని విడువలేదు. 1981లో వచ్చిన ‘క్లాష్ ఆఫ్ ది టైటన్స్’ పెర్సియస్ కథ. దానిని 2010లో యంత్రగణిత సహాయంతో మళ్లీ తీసినా, పాతదాని అభిమానులు పాతదానినే పట్టుకొని ఉన్నారు. సాంకేతికంగా వెనుకబడిన చిత్రం సాంకేతికంగా ముందున్న చిత్రం కంటె ఎక్కువకాలం హృదయంలో నిలిచినప్పుడు, కారణాన్ని సాంకేతికతలో కాక మరొకచోట వెదకవలసి ఉంటుంది.

ఆ వెదకులాటకు కర్నూలు జిల్లా పశ్చిమభాగం, ప్రత్యేకించి కోసిగి పరిసరం, అనువైన స్థలం. కోసిగి ఇనుపదారి మీది ఊరు. రాయచూరు నుండి గుంతకల్లుకు పోయే మార్గంలో మంత్రాలయం రోడ్డుకు, ఆదోనికి మధ్య ఉన్నది. పాతాళభైరవి విడుదలైన నాటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి. అందువల్ల ఈ సీమలో తెలుగు, కన్నడం కలసి వినిపిస్తాయి. ఆదోని కోటను ఏలిన ఆదిల్షాహీల కాలం నుండి దక్కనీ ఉర్దూ కూడా ఇక్కడి వీధిభాషే. మూడు భాషల కథలు ఒకే అరుగు మీద కలిసే ఈ చోట అద్భుతకథ పరాయిది కాదు. హొళగుంద మండలంలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరుని ఉత్సవంలో కర్రలతో జరిగే సమరం లోకప్రసిద్ధం. భైరవరూపుడైన శివుడు మణి, మల్ల అను రాక్షసులను వధించినాడన్న స్థలకథ దానికి మూలం. రాక్షసవధను ఏటేటా కాగడాల వెలుగులో చూసే ప్రజలకు తెర మీది భైరవి వింత కావచ్చును గాని కొత్త మాత్రం కాదు.

కోసిగి వంటి పెద్ద పల్లెలకు చలనచిత్రం చాలాకాలం డేరా టాకీసుగానే చేరుతూ వచ్చింది. నేల, బెంచీ, కుర్చీ అన్న తరగతులు, ఒకే ప్రొజెక్టరు కావడం వల్ల రీలు మారినప్పుడల్లా వచ్చే విరామం ఆనాటి ప్రదర్శనలకు సామాన్యలక్షణాలు. ఈ విరామాన్ని లోపంగా మాత్రమే భావించరాదు. కథ చెప్పేవాడు తాంబూలానికి ఆగినప్పుడు శ్రోతలు తరువాతి కథను ఊహించుకొన్నట్లే, రీలు మారే వ్యవధిలో ప్రేక్షకులు కథను ముందుకు నడపుకొనే అవకాశం ఏర్పడింది. జానపద చిత్రం కథాకథన సంప్రదాయానికి దగ్గరగా ఉండడానికి ప్రదర్శన పద్ధతి కూడా ఈ విధంగా తోడ్పడింది.

ఇక కథల విషయం. పాతాళభైరవిలో తోటరాముడు, అతని చెలికాడు అంజి మాంత్రికుని స్థావరాన్ని వెదకుతూ పోతుండగా, తండ్రి ఆస్తిని పంచుకోలేక అన్నదమ్ములిద్దరు కలహిస్తుంటారు. ఆ ఆస్తి ధరించినవారిని అదృశ్యం చేసే వస్త్రం, కోరినచోటికి చేర్చే పాదరక్షలు. అవి ఉపాయంతో నాయకపక్షానికి చిక్కుతాయి. ప్రేక్షకులు నవ్వుకొని మరచిపోయే చిన్నఘట్టం ఇది. సంస్కృత కథాసాహిత్యం చదివినవారు మాత్రం ఇక్కడ ఆగవలసి వస్తుంది. సోమదేవుని కథాసరిత్సాగరం మొదటి లంబకమైన కథాపీఠంలో, మూడవ తరంగంలో, పుత్రకుని కథ ఉన్నది. వింధ్యాటవిలో తిరిగే పుత్రకునికి మయాసురుని కుమారులు ఇద్దరు పెనుగులాడుతూ కనిపిస్తారు. వారి పెనుగులాట ఒక పాత్ర కోసం, ఒక కర్ర కోసం, ఒక జత పాదుకల కోసం. తలచిన ఆహారం పాత్రలో నిండుతుంది. కర్రతో గీసినది నిజమవుతుంది. పాదుకలు తొడిగినవాడు ఆకాశాన పోతాడు. కుస్తీలో ఏమున్నది, పరుగుపందెంలో గెలిచినవానికి ఇవన్నీ అని పుత్రకుడు చెప్పగా, ఆ మూఢులు పరుగెత్తుతారు. అతడు పాదుకలు తొడిగి, కర్రను పాత్రను తీసికొని ఎగిరిపోతాడు. పాటలి అనే రాజపుత్రికను వరించి, కర్రతో నగరాన్ని గీస్తాడు. అదే పాటలీపుత్రం. మహానగరం పుట్టుకకు ఇంత అల్లరికథను కారణంగా చెప్పిన సోమదేవుని హాస్యస్ఫూర్తిని తక్కువగా అంచనా వేయరాదు.

యవన పురాణంలో పెర్సియస్ కూడా ఇటువంటి సాధనసంపత్తితోనే బయలుదేరుతాడు. అపొల్లోడోరస్ పేరిట ఉన్న పురాణసంగ్రహం ప్రకారం, మెడూసా శిరస్సు తెమ్మని పాలిడెక్టిస్ రాజు పంపగా, పెర్సియస్ మొదట ముగ్గురు వృద్ధసోదరీమణుల వద్దకు పోతాడు. ముగ్గురికీ కలిపి ఒకే కన్ను, ఒకే పన్ను. ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారే సమయంలో అతడు వాటిని కాజేసి, దారి చెప్పిన తరువాతనే తిరిగి ఇస్తాడు. వారు చూపిన అప్సరసల వద్ద రెక్కల పాదరక్షలు, ఒక సంచి, ధరించినవారిని అదృశ్యం చేసే హేడిస్ శిరస్త్రాణం లభిస్తాయి. 1981 నాటి చిత్రంలో శిరస్త్రాణం, ఖడ్గం, డాలు దేవతల కానుకలుగా వస్తాయి. కన్ను దొంగిలించే ఘట్టం మాత్రం పోలేదు. ఆకాశగమనం, అదృశ్యత, పంచుకొనేవారి మధ్య దూరి వస్తువును చేజిక్కించుకొనే యుక్తి, ఈ మూడూ పెర్సియస్ కథలో ఉన్నాయి. మొదటిది, మూడవది పుత్రకుని కథలో ఉన్నాయి. మూడూ కలసి మద్రాసులో నిర్మితమైన తెలుగు చిత్రంలో మళ్లీ కనిపిస్తున్నాయి.

ఎవరు ఎవరికి ఋణపడినారన్న ప్రశ్న ఇక్కడ సహజంగా తలెత్తుతుంది. 1859లో జర్మన్ పండితుడు బెన్ఫే పంచతంత్రాన్ని ప్రచురిస్తూ, పాశ్చాత్యదేశాల అద్భుతకథలలో అధికభాగానికి భారతదేశమే పుట్టినిల్లని వాదించినాడు. ఆ వాదాన్ని పూర్తిగా అంగీకరించేవారు నేడు అరుదు. టానీ ఆంగ్లానువాదాన్ని 1924 - 28 మధ్య పది సంపుటాలుగా పునర్ముద్రించిన పెంజర్, తన విపులవ్యాఖ్యలలో ఇటువంటి మాయావస్తువుల కథలు ఎన్నో దేశాలలో ఉన్నట్లు చూపినాడు. ఋణనిర్ణయం కంటె గమనింపదగిన విషయం వేరొకటి ఉన్నది. తెలుగు చిత్రకారులు యవనుల నుండి తెచ్చుకోవలసిన అవసరం లేనంతగా ఈ కథాసామగ్రి వారి ముంగిటనే ఉన్నది. గుణాఢ్యుని బృహత్కథకు సాతవాహనుల ఆస్థానంతో సంబంధం చెప్పిన కథ కథాపీఠంలోనే ఉన్నది. దండి కావ్యాదర్శంలో ఆ గ్రంథాన్ని భూతభాషామయమనీ, అద్భుతార్థం కలదనీ పేర్కొన్నాడు. ఆ ధార తెలుగులో కేతన దశకుమారచరిత్రలోను, కొరవి గోపరాజు సింహాసనద్వాత్రింశికలోను ప్రవహించి, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో సామాన్యపాఠకుని చేరింది. మణిసిద్ధుడు గోపునికి మజిలీ మజిలీకి చెప్పిన ఆ కథలు పాతాళభైరవికి ప్రేరణ. ఆ చిత్రనిర్మాతలైన నాగిరెడ్డి - చక్రపాణులే 1947 జూలైలో చందమామను ప్రారంభించినారన్నది కూడా కాకతాళీయం కాదు.

పాతాళభైరవి ప్రధానఘట్టం మరింత ప్రాచీనమైనది. నేపాళ మాంత్రికుడు రాముని సాహసాన్ని మెచ్చినట్లు నటించి, భైరవికి బలి ఇవ్వడానికి తీసికొనిపోతాడు. రహస్యం తెలిసిన రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమను పొందుతాడు. వేతాళపంచవింశతి చట్టం సరిగా ఇదే. క్షాంతిశీలుడనే భిక్షువు త్రివిక్రమసేన మహారాజు చేత శవాన్ని మోయిస్తాడు. శవంలోని వేతాళుడు రాజు తెలివికి మెచ్చి, భిక్షువు సాష్టాంగపడమన్నప్పుడు ఎలా పడాలో చూపమని అడుగుమని హెచ్చరిస్తాడు. నేల మీద పడిన భిక్షువు తల తెగుతుంది. కర్నూలు సీమవారికి ఇంకా దగ్గరి ఉదాహరణ కళాపూర్ణోదయం. నంద్యాల కృష్ణరాజుకు అంకితమైన ఆ ప్రబంధంలో పింగళి సూరన, సిద్ధుడైన మణిస్తంభుడు కలభాషిణిని మృగేంద్రవాహన ఆలయానికి తెచ్చి బలి ఇవ్వబూనిన ఘట్టాన్ని నిర్మించినాడు. పదహారవ శతాబ్దపు ఈ ఘట్టాన్ని తరగతిలో ప్రౌఢకల్పనగా ప్రశంసించి, దాని సోదరఘట్టాన్ని తెర మీద చూసి పామరరంజకమని తోసిపుచ్చడంలో విమర్శ ఎక్కడ ఉన్నది? ప్రబంధానికి ఒక తూకం, చిత్రానికి మరొక తూకం వాడినప్పుడు తేలేది వస్తువుల బరువు కాదు.

అయితే ప్రాచీనత ఒక్కటే శాశ్వతాకర్షణకు కారణమని చెప్పడానికి వీలులేదు. ప్రాచీనకథలను ఆధారం చేసికొని మరుగున పడిపోయిన చిత్రాలు రెండు భాషలలోనూ చాలా ఉన్నాయి. నిలిచినవాటిని నిశితంగా చూస్తే ఒక సామాన్యలక్షణం బయటపడుతుంది. వాటిలో మాయకు కట్టడి ఉన్నది. శక్తి ఎంతటిదైనా ఒక నియమానికి లోబడి ఉంటుంది. ఆ నియమం ప్రేక్షకునికి ముందుగానే తెలుస్తుంది. ‘జేసన్’ చిత్రంలో హీరాదేవి నాయకునికి సహాయం చేయవచ్చును గాని అయిదుసార్లు మాత్రమే. ఆ సంఖ్యను దేవరాజు జ్యూస్ నిర్ణయిస్తాడు. కాంస్యమూర్తి తాలోస్ నౌకలను చేతితో ఎత్తగలడు, కాని అతని ప్రాణరసం మడమలో బిగించిన మూత వెనుక ఉన్నది. మూత తీస్తే కూలిపోతాడు. అపొల్లోనియస్ కావ్యంలో మెడియా మంత్రదృష్టికి లోబడి తాలోస్ తన చీలమండను తానే రాతికి గీరుకొంటాడు. చిత్రంలో జేసన్ స్వయంగా మూత విప్పుతాడు. పద్ధతి మారినా మర్మస్థానం మారలేదు.

బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నది. 1942లో జెమినీ సంస్థ పక్షాన సి. పుల్లయ్య తీసిన చిత్రంలో గోవిందరాజుల సుబ్బారావు ధరించిన ఈ పాత్ర తెలుగునాట ఒక సామెతగా స్థిరపడింది. శరీరంలో లేని ప్రాణం అనే ఈ భావన యవనులకూ తెలుసు. మెలియాగర్ ఆయువు ఒక కొరివిలో ఉన్నది. ఆ కొరివిని అతని తల్లి దాచి ఉంచి, సోదరుల మరణానికి కోపించి తానే నిప్పులో వేస్తుంది. యవనకథలో అది విధివిషాదానికి దారితీసింది. తెలుగు కథలో పసివాడైన బాలవర్ధిరాజు సాహసానికి దారితీసింది. మరాఠీ తన మీదికి వచ్చిన కార్యవర్ధిరాజును, సోదరులను, సైన్యాన్ని శిలలుగా మార్చడం మెడూసా చూపును స్మరింపజేస్తుంది. ఆమె కళ్లను నేరుగా చూడక డాలులోని ప్రతిబింబాన్ని చూస్తూ పెర్సియస్ ఖండిస్తాడు. చిలుకను చేరే బాలుడు కూడా మరాఠీని నేరుగా ఎదుర్కొనడు. ఎదురుపడి గెలవలేని దానిని ప్రక్కదారిన గెలవడం ఈ కథల సాధారణసూత్రం. బలహీనునికి గెలుపును సాధ్యంగా చూపే సూత్రం కూడా ఇదే.

పాతాళభైరవి ప్రతిమ విషయంలో కట్టడి మరింత కఠినం. అది మంచివానికే లోబడుతుందన్న నియమం లేదు. చేతిలో పట్టుకొన్నవారు ఎవరైతే వారికే దాస్యం చేస్తుంది. రాముని చేతిలో భవనాన్ని సృష్టించిన శక్తే, మాంత్రికుని చేతిలో పడినప్పుడు అదే భవనాన్ని, రాజకుమారిని హరిస్తుంది. శక్తికి పక్షపాతం లేనందువల్ల కథాభారం మనుష్యుల బుద్ధి మీద, ధైర్యం మీద పడింది. యవనచిత్రాలలో దేవతలకు పక్షాలు ఉన్నాయి. నాయకుని గెలుపులో కొంతభాగం పైవారి పంతం. ఈ ఒక్క అంశంలో తెలుగు చిత్రం యవనచిత్రాల కంటె దృఢమైన కథానిర్మాణం కలదని చెప్పడం అతిశయోక్తి కాదు. తాడిపత్రిలో జన్మించిన కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ఈ నియమాన్ని చివరిదాకా ఎక్కడా సడలించలేదు. తరువాతి అనేక చిత్రాలలో ఆపద వచ్చినప్పుడల్లా ఒక దేవత ప్రత్యక్షమై కొత్తవరం ప్రసాదిస్తుంది. అటువంటివి ఒకసారి చూడడానికి సరిపోతాయి.

నాయకుని పుట్టుక కూడా ఆలోచించదగినది. పెర్సియస్, జేసన్ రాజ్యభ్రష్టులైన రాజవంశీయులు. వారి సాహసం పోయినదానిని తిరిగి పొందడం కోసం. రాముడు తోటమాలి కొడుకు. అతనికి పోయినది ఏదీ లేదు. రాజకుమారిని ప్రేమించిన నేరానికి శిక్షను ఎదుర్కొని, రాజుతో సమానమైన ఐశ్వర్యం తెస్తే వివాహం జరిపిస్తానన్న మాట పట్టుకొని ఊరు విడుస్తాడు. ఇది శాస్త్రార్థంలో ధీరోదాత్తనాయకలక్షణం కాదు. పంచతంత్రంలో కొయ్య గరుత్మంతుని ఎక్కి విష్ణువుగా నటించి రాజపుత్రికను చేరిన సాలెవాడు ఇతనికి పూర్వీకుడు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకారసంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరులో, మగ్గం ముందు కూర్చున్నవారికి ఆ సాలెవాని కథ ఎలా వినిపిస్తుందో ఊహించడం కష్టం కాదు. 1949లో అక్కినేని, అంజలీదేవి నటించిన కీలుగుర్రంలోని ఎగిరే గుర్రం ఆ కొయ్యగరుడునికి బంధువే.

కోసిగి ప్రాంతంలో ఈ అంశానికి మరొక అర్థం కూడా ఉన్నది. వానలు ముఖం చాటేసిన ఏడు, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుండి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు ప్రాంతపు మిరపచేలకు, పత్తిచేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు తరలిపోతాయి. దీనిని ఇక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో పంటకోతల సంబరాన్ని సూచించే ‘సుగ్గి’ అన్న పదం, గుండ్రేవులకు ఇవతల, తుంగభద్ర తీరాన ఇంటికి తాళం వేసి వెళ్లడమనే అర్థంలో స్థిరపడడం శబ్దార్థపరిణామానికి ఒక బాధాకరమైన ఉదాహరణ. ధనం సంపాదించి రావడానికి తల్లిని ఊరిలో వదలి పోయే రాముడు ఈ ప్రేక్షకులకు కేవలం కల్పితపాత్ర కాడు. తేడా ఏమిటంటే, అతనికి పాతాళభైరవి దొరికింది. భరతుడు కోరిన కోరిక ఈడేరడాన్ని అద్భుతవిభావంగా పేర్కొనడంలోని ఔచిత్యం ఇటువంటిచోట స్పష్టమవుతుంది. విస్మయానికి ఎగిరే పాదుకలే అవసరం లేదు. పేదవాని కోరిక తీరడం కూడా చాలు.

ఇక హస్తకౌశలం సంగతి. హారీహౌసెన్ ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుష్యులతో కత్తియుద్ధం చేసే ఘట్టానికి నాలుగున్నర నెలలు వెచ్చించినాడు. బొమ్మను రవంత కదల్చి ఒక చిత్రం, మళ్లీ రవంత కదల్చి మరొక చిత్రం, ఇలా క్షణకాలపు కదలికకు ఇరవైనాలుగు చిత్రాలు. మన వద్ద పాతాళభైరవి, మాయాబజార్ చిత్రాలకు ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్‌లే, తెరలోని కొంతభాగాన్ని మూసి, అదే ఫిలిమును వెనుకకు త్రిప్పి మళ్లీ చిత్రించే పద్ధతులతోనే మాయను సాధించినాడు. రెండుచోట్లా పొరపాటు జరిగితే మొదటినుండి ప్రారంభించవలసిందే. అస్థిపంజరాల నడకలోని చిన్న అదురు నేటి ప్రేక్షకులకు కూడా కనిపిస్తుంది. కనిపించినా విస్మయం తగ్గదు. తోలుబొమ్మ వెనుక చేతులు ఉన్నవని తెలిసినవారే తోలుబొమ్మలాటను తెల్లవార్లూ చూసినారు. మాయ అని తెలిసి ఆనందించడం భ్రమ కాదు, రసానుభవం. లోపం లేని యంత్రచిత్రణంలో చేయి కనబడనందువల్ల ‘ఎలా చేసినారో’ అన్న ప్రశ్నకు తావు తగ్గుతుంది. విస్మయంలో ఆ ప్రశ్న కూడా ఒక భాగమే.

ఈ సందర్భంలో బి. విఠలాచార్యను పేర్కొనకుండా ఉండరాదు. 1920లో ఉడుపి సమీపంలోని ఉద్యావరలో జన్మించిన ఆయన, మైసూరులో శంకర్‌సింగ్‌తో కలసి మహాత్మా పిక్చర్స్ సంస్థను నడిపి, కన్నడంలో నాగకన్నిక, జగన్మోహిని వంటి చిత్రాల నిర్మాణంలో పాల్గొని, తరువాత తెలుగుకు వచ్చినాడు. బందిపోటు (1963), అగ్గిపిడుగు (1964), చిక్కడు దొరకడు (1967), గండికోట రహస్యం (1969) మొదలైనవి ఆయన దర్శకత్వంలో వెలువడినవి. 1978 నాటి తెలుగు జగన్మోహినిలో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్లు పెట్టి వంటచేసే దృశ్యం ఎరుగనివారు అరుదు. తక్కువ ఖర్చు, వేగం, కత్తియుద్ధం, అస్థిపంజరాలు ఆయన సామగ్రి. పిలిచిన వేళకు రాని నటుణ్ణి ఆయన కథలో మేకగానో చిలుకగానో మార్చివేసేవాడని సినీలోకంలో ఒక చమత్కారం ప్రచారంలో ఉన్నది. ఆయన చిత్రాలలో కె.వి. రెడ్డి చిత్రాలలోని కథాకట్టడి లేదు. అది నిజం. కాని కన్నడ తెలుగు సరిహద్దులో రెండు భాషల ప్రేక్షకులకు తెలిసిన దయ్యాలను, నాగకన్యలను రెండువైపులా నడిపించినవాడు ఆయనే. గులేబకావళి కథ (1962) దక్కనీ, ఉర్దూ కథాసంప్రదాయాన్ని తెచ్చి కలపగా, ఆదోని బజారులో మూడు భాషలవారికీ కథ తెలిసిన చిత్రాలు లభించినట్లయింది.

ఈ చిత్రాల వల్ల నష్టం లేదా అంటే, ఉన్నదనే చెప్పవలసి ఉంటుంది. బుర్రకథకులు, ఇంటి ముసలివారు చెప్పిన మరాఠీ ఊరికొక రూపంలో ఉండేవాడు. నాగళ్లపూడి గట్టు ఎవరికి వారి ఊరి వెనుక కొండే. చిత్రం వచ్చిన తరువాత మరాఠీకి ఒకే ముఖం, ఒకే నవ్వు మిగిలినవి. నేపాళ మాంత్రికుడంటే ఎస్.వి. రంగారావు తప్ప మరొకరు మనసుకు రారు. యవనదేశంలో మెడూసాకు, తాలోస్‌కు పట్టిన గతి కూడా ఇదే. మూలకావ్యం చదివేవారు సైతం హారీహౌసెన్ బొమ్మనే తలచుకొంటున్నారు. మౌఖికకథలోని పాఠాంతరాలు ఈ విధంగా క్రమంగా మూసుకొనిపోయినవి. కోసిగి, కౌతాళం, హొళగుంద గ్రామాలలో చిత్రం చూడకముందే బాలనాగమ్మ కథ విన్నవారి తరం నేడు బహువృద్ధులది. వారు చెప్పే కథలో చిలుక ఎక్కడ ఉన్నదో, దానికి కావలి ఎవరో, బాలుడు ఏ ఉపాయంతో చేరినాడో నమోదు చేసికొంటే, చిత్రానికి పూర్వపు పాఠం ఏదో, చిత్రం నుండి కథలోకి తిరిగివచ్చినది ఏదో వేరుచేయడానికి వీలవుతుంది. సుగ్గికి పోయినవారు ఉగాది నాటికి ఊళ్లకు చేరుతారు. ఇళ్లముందు పెద్దలూ పిల్లలూ కలసి కూర్చునే కాలం ఈ సీమలో అదే.

పాఠాల పోలికలో చివరగా గమనింపవలసిన భేదం ఒకటి మిగిలి ఉన్నది. పని ముగిసిన తరువాత పెర్సియస్ పాదరక్షలను, సంచిని, శిరస్త్రాణాన్ని హెర్మిస్ ద్వారా అప్సరసలకు తిరిగి పంపుతాడు. మెడూసా శిరస్సును ఎథీనాకు సమర్పిస్తాడు. అవి అరువు తెచ్చినవి. పుత్రకుడు దేనినీ తిరిగి ఇవ్వలేదు. పాదుకలతో గంగాతీరానికి పాటలిని చేర్చి, పాత్రతో ఆమెకు భోజనం పెట్టి, కర్రతో పట్టణాన్ని గీసి అక్కడే రాజయినాడు. మయుని కొడుకులు ఎంతదూరం పరుగెత్తినారో, ఎప్పుడు తిరిగి వచ్చినారో సోమదేవుడు చెప్పలేదు.